బాబుకు నెమ్ము చేసింది, ఏ క్రిమో ఎవరూ చెప్పడం లేదు

నక్రేకల్ నాన్న · నవంబర్ 14, రాత్రి 11:52

అందరికీ నమస్కారం. దవాఖాన వరండాలో కూర్చుని ఫోన్‌లో రాస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకండి.

మా బాబుకు పద్నాలుగు నెలలు. ఆదివారం సర్ది మొదలైంది, మంగళవారానికి జ్వరం. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక సూది వేసి సిరప్ ఇచ్చాడు. బుధవారం తగ్గినట్టే ఉంది, కాస్త ఆడుకున్నాడు కూడా. నిన్న రాత్రి పాలు మానేశాడు. పడుకోబెడితే ఏడుపు, ఎత్తుకుంటే మూలుగు. చొక్కా తీసి చూస్తే పక్కలు ఎగరేస్తున్నాడు. ఊపిరి తీసిన ప్రతిసారీ పక్కటెముకల కింద గుంట పడుతోంది, మొలతాడు పైకీ కిందికీ కదులుతోంది.

పొద్దున్నే నల్గొండ తీసుకొచ్చాం. వేలికి పెట్టే ఆక్సిజన్ మిషన్ 88 చూపించింది. వెంటనే ఆక్సిజన్ పెట్టారు. ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లగా ఉందట. "న్యుమోనియా. వైరస్ కావచ్చు, బ్యాక్టీరియా కావచ్చు" అన్నారు డాక్టరు. చేతికి క్యాన్యులా పెట్టి యాంటీబయాటిక్ మొదలుపెట్టారు.

నాకు అర్థం కానిది ఒకటే. ఇన్ని మిషన్లున్నాయి, ఏ క్రిమో తేల్చలేరా? తేల్చకుండానే యాంటీబయాటిక్ ఎందుకు? ఇక్కడికి రాకముందు ఒక నర్సింగ్ హోమ్‌కు వెళ్ళాం. అక్కడ ముక్కులో పుల్ల పెట్టి తీసే పరీక్ష ఒకటుంది, తొమ్మిది వేలు, చేస్తే అన్నీ బయటపడతాయన్నారు. చేయించాలా? మా అమ్మ మాత్రం "చలిగాలి తగిలి నెమ్ము చేసింది, దానికి క్రిములేంటి" అంటోంది.

కల్వకుర్తి కిరాణా · నవంబర్ 15, ఉదయం 12:20

ధైర్యంగా ఉండు తమ్మీ. మా వాడికీ ఇట్లనే అయింది, నాలుగు రోజుల్లో లేచి ఆడుకున్నాడు. తొమ్మిది వేలు మాత్రం ఇప్పుడే కట్టకు, ఎవరన్నా తెలిసినవాళ్ళు చెప్పేదాకా ఆగు.

వార్డు సిస్టర్ · నవంబర్ 15, ఉదయం 12:41

నైట్ డ్యూటీలో ఉన్నా, టీ తాగుతూ చూశాను. నేను పిల్లల వార్డులో స్టాఫ్ నర్సుని, మీ దవాఖాన కాదు, వేరే ఊరు.

ముందు ఈ రాత్రికి పనికొచ్చేది చెప్తా, క్రిమి సంగతి పొద్దున మాట్లాడుకుందాం. బాబును పూర్తిగా వెల్లకిలా పడుకోబెట్టకండి, తలవైపు కొంచెం ఎత్తు పెట్టండి. ఊపిరి వేగంగా ఉన్నప్పుడు బలవంతంగా పాలు పట్టకండి. పాలు దారి తప్పి ఊపిరితిత్తుల్లోకి పోతే అదొక కొత్త న్యుమోనియా. తాగనివ్వొచ్చా లేదా అని అక్కడున్న సిస్టర్‌నే అడగండి, అడిగితే ఎవరూ కోప్పడరు. ముక్కు దిబ్బడేస్తే సెలైన్ చుక్కలు వేయమనండి. ఆక్సిజన్ గొట్టం చెంపకు అంటించిన ప్లాస్టర్ ఊడిందేమో మధ్యమధ్యలో చూడండి. ఏడ్చి ఏడ్చి పిల్లలు లాగేస్తారు, పక్కన తల్లి నిద్రపోతుంటుంది.

మిషన్ వేలికి నిలవకపోతే కాలి బొటనవేలికి పెట్టి పైన సాక్స్ తొడగండి. ఎర్ర లైటు సాక్స్‌లోంచి కనిపిస్తుంటుంది, అంకె కూడా నిలకడగా వస్తుంది.

నక్రేకల్ నాన్న · నవంబర్ 15, ఉదయం 1:05

సాక్స్ పెట్టాం సిస్టర్. ఆక్సిజన్ మీద ఇప్పుడు 95 ఉంది. థాంక్యూ.

జడ్చర్ల జంక్షన్ · నవంబర్ 15, ఉదయం 7:30

మొహమాటం లేకుండా చెప్తున్నా. సగం మంది పిల్లలకు ఉన్నది వైరస్, వేసేది యాంటీబయాటిక్. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదని బడి సైన్సు పుస్తకాల్లోనే ఉంది. మరి ఎందుకు వేస్తున్నారు? బిల్లు కోసం. అదే నా అభిప్రాయం.

పీజీ రెండో ఏడు · నవంబర్ 15, ఉదయం 9:18

పిల్లల వైద్యంలో పీజీ చేస్తున్నాను, మాది పాలమూరే. జడ్చర్ల అన్న కోపంలో సగం నిజముంది, అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నా.

న్యుమోనియా అనేది ఒక క్రిమి పేరు కాదు. ఊపిరితిత్తుల చివర ద్రాక్షగుత్తుల్లాంటి గాలి సంచులుంటాయి. వాటిలో నీరు, చీము నిండితే న్యుమోనియా అంటాం. నింపేవాళ్ళు చాలామంది. "నెమ్ము" అంటే తడి, చెమ్మ. అమ్మగారి మాట జబ్బుకు సరిగ్గానే సరిపోయింది, కారణం దగ్గరే తేడా.

అమెరికాలో 2010 నుంచి 2012 దాకా మూడు నగరాల్లో న్యుమోనియాతో దవాఖానలో చేరిన పిల్లల మీద పెద్ద పరిశోధన జరిగింది, 2015లో అచ్చయింది. నమూనాలు దొరికిన 2,222 మంది పిల్లల్లో నూటికి 81 మందిలో ఏదో ఒక క్రిమి కనిపించింది. అందులో 66 మందికి వైరస్ ఒక్కటే, 8 మందికి బ్యాక్టీరియా ఒక్కటే, 7 మందికి రెండూ. అన్నిటికన్నా ఎక్కువ కనిపించింది ఆర్‌ఎస్‌వీ అనే వైరస్, 28 మందిలో. రైనోవైరస్ 27, హెచ్‌ఎంపీవీ 13, అడినోవైరస్ 11, మైకోప్లాస్మా అనే బ్యాక్టీరియా 8. మనం పుస్తకాల్లో మొదటి పేరుగా చదువుకునే న్యుమోకాకస్ అనే బ్యాక్టీరియా నాలుగంటే నాలుగు. ఇక్కడ ఒక మెలిక ఉంది. న్యుమోకాకస్‌ను పట్టుకునే పరీక్షలే అంత గట్టివి కావు, కాబట్టి నాలుగు అన్నది తక్కువ లెక్క అయి ఉండొచ్చు.

నాకు బాగా గుర్తుండిపోయింది మిగిలిన 19 మంది. అంత డబ్బు, అన్ని ల్యాబులు పెట్టి వెతికినా ప్రతి ఐదుగురిలో ఒకరికి ఏ క్రిమో తెలియలేదు. "తేల్చలేరా" అన్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది.

ఎందుకు తేలదంటే, క్రిమి ఉన్నది లోపల, ఊపిరితిత్తిలో. మనం తీసేది ముక్కులోంచో గొంతులోంచో. చిన్నపిల్లలకు కఫం ఉమ్మడం రాదు, మింగేస్తారు. రక్తం తీసి క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష పెడితే నూటికి పదిమందిలో కూడా ఏమీ పెరగదు. జబ్బు లోపల ఉంది, పరీక్ష గుమ్మం దగ్గర.

మిర్యాల మిల్లు · నవంబర్ 15, ఉదయం 9:40

అమెరికా లెక్కలు మనకెందుకు సార్. వాళ్ళ గాలి వేరు, తిండి వేరు. మా బస్తీలో వచ్చి చూడమనండి, ఇంటి మీద ఊక బూడిద, ఇంట్లో కట్టెల పొయ్యి.

పీజీ రెండో ఏడు · నవంబర్ 15, ఉదయం 10:02

సరైన మాట. అక్కడ పిల్లలకు న్యుమోకాకస్ టీకా చాలా ఏళ్ళుగా పడుతోంది, ఆ బ్యాక్టీరియా వాటా తగ్గడానికి అదొక కారణం.

బంగ్లాదేశ్, థాయ్‌లాండ్‌తో పాటు ఐదు ఆఫ్రికా దేశాల్లో ఇంకో పెద్ద పరిశోధన జరిగింది, 2019లో వచ్చింది. మన దేశం అందులో లేదు కానీ బస్తీలు, పొయ్యిలు మనలాంటివే. అక్కడ కూడా, హెచ్‌ఐవీ లేని, ఎక్స్‌రేలో మచ్చ ఉన్న ఐదేళ్ళలోపు పిల్లల్లో వైరస్‌ల వాటా నూటికి 61, బ్యాక్టీరియా వాటా 27, టీబీ దాదాపు 6. ఆర్‌ఎస్‌వీ ఒక్కటే 31. అంటే బ్యాక్టీరియా అమెరికాకన్నా బాగా ఎక్కువ, కానీ పెద్దన్న మాత్రం అక్కడా ఇక్కడా వైరసే.

పొగ గురించి మీరన్నది చాలా పెద్ద సంగతి. పొగ క్రిమి కాదు, క్రిమికి తలుపు తీసేది అదే.

జడ్చర్ల జంక్షన్ · నవంబర్ 15, ఉదయం 10:15

చూశారా, నేను చెప్పిందే కదా. వైరసే. మరి యాంటీబయాటిక్ దేనికి?

పీజీ రెండో ఏడు · నవంబర్ 15, మధ్యాహ్నం 2:47

ఓపీ అయిపోయింది, ఇప్పుడు కూర్చున్నా.

అన్నా, మీ ముందు వంద మంది పిల్లలున్నారు. అందరికీ పక్కలు ఎగురుతున్నాయి, అందరికీ జ్వరం, ఆక్సిజన్ 90 కన్నా తక్కువ. పాతికమందికి బ్యాక్టీరియా ఉంటుంది. ఆ పాతికమంది ఎవరో ఎక్స్‌రే చెప్పదు. ఎక్స్‌రే చూసి ఇది వైరస్, ఇది బ్యాక్టీరియా అని ఖాయంగా చెప్పగల డాక్టర్ ఇంతవరకు నాకు తగల్లేదు. ఒంట్లో వాపును చూపే సీఆర్‌పీ అనే రక్తపరీక్షలో అంకె బాగా ఎక్కువుంటే కొంచెం అనుమానపడతాం, అంతే. కల్చర్ రిపోర్టు రావడానికి రెండు మూడు రోజులు. ఈలోగా ఆ పాతికమందిలో ఒకరికి ఆలస్యమైతే? అందుకే దవాఖానలో చేర్చుకున్న, ఆక్సిజన్ అవసరమైన పిల్లలకు మొదలుపెడతాం.

మీ కోపం న్యాయమయ్యేది వేరేచోట. మామూలు సర్దికి, పిల్లవాడు చక్కగా తింటూ ఆడుకుంటుంటే, మొదటి రోజే సూది వేస్తారు చూడండి, అక్కడ. ఇంకోటి, మొదలుపెట్టాక 48 గంటలకు మళ్ళీ చూసి ఆపేయొచ్చా అని ఆలోచించకపోవడం. ఈ రెండోది మాలోనూ ఉంది, ఒప్పుకుంటా.

తొమ్మిది వేల పరీక్ష గురించి: అది చెడ్డదేం కాదు. ఐసీయూలో ఉన్న బిడ్డకో, రోగనిరోధక శక్తి తక్కువున్న బిడ్డకో ఉపయోగపడుతుంది. ఫ్లూ అని తేలితే దానికి మందుంది. కానీ బాబు ముక్కులో రైనోవైరస్ దొరికిందనుకోండి, అది ఆరోగ్యంగా ఉన్న పిల్లల ముక్కుల్లోనూ మామూలుగా దొరుకుతుంది. న్యుమోకాకస్ కూడా అంతే, ఏ జబ్బూ లేని పిల్లల ముక్కుల్లో కాపురం ఉంటుంది. దొరికినవాడే దొంగ అనలేం. ఆర్‌ఎస్‌వీ దొరికితే మాత్రం చాలావరకు అదే కారణం అనుకోవచ్చు, కానీ అప్పుడైనా చేసేది ఇప్పుడు చేస్తున్నదే: ఆక్సిజన్, నీళ్ళు, ముక్కు శుభ్రం. ఈ వయసు పిల్లలకు దాన్ని చంపే మందంటూ వాడుకలో లేదు.

మీ బాబును నేను చూడలేదు. చూస్తున్న డాక్టర్ మాటే ఫైనల్.

కల్వకుర్తి కిరాణా · నవంబర్ 15, మధ్యాహ్నం 3:10

హెచ్‌ఎంపీవీ అంటే ఆ మధ్య టీవీల్లో గోల చేసిన చైనా వైరస్ కదా? అది అమెరికాలో 2010లోనే ఉందా?

పీజీ రెండో ఏడు · నవంబర్ 15, మధ్యాహ్నం 3:14

2001లోనే నెదర్లాండ్స్‌లో కనిపెట్టారన్నా. దానికి ముందూ ఉంది, పేరు లేదంతే. మన పిల్లల్లో ఎంతమందికి వచ్చి పోయిందో, మనం సర్ది అనుకుని తుడిచేశాం.

అచ్చంపేట అమ్మ · నవంబర్ 15, సాయంత్రం 6:25

యాంటీబయాటిక్ వద్దనే అన్నలకు మా పాప సంగతి చెప్పాలి.

రెండేళ్ళ క్రితం, పాపకు మూడేళ్ళు. తొడ మీద సెగ్గడ్డ వచ్చింది. వేపాకు నూరి పెట్టాం, పగిలింది, మర్చిపోయాం. పది రోజులకు విపరీతమైన జ్వరం, ఒక పక్కకే ఒరిగి పడుకునేది, ముట్టుకుంటే కేక. ఎక్స్‌రేలో ఒక పక్క మొత్తం తెల్లగా ఉంది. ఊపిరితిత్తి చుట్టూ చీము. స్టెఫ్ అనే బ్యాక్టీరియా, గడ్డలోంచి రక్తంలో పడి అక్కడికి పోయి ఉంటుందన్నారు. హైదరాబాద్ నిలోఫర్‌కు పంపారు.

పక్కటెముకల మధ్య గొట్టం వేశారు. గొట్టం చివర నీళ్ళున్న సీసా, మంచం కింద నేల మీద పెట్టారు. పాప ఊపిరి తీసినప్పుడల్లా గొట్టంలో నీళ్ళు కదిలేవి. మొదటి రోజు సీసాలోకి వచ్చింది పెసరపప్పు నీళ్ళలా ఉంది. సీసాను మంచం కన్నా పైకి ఎత్తకూడదని ఆయమ్మ రోజుకు పదిసార్లు చెప్పేది. పాపను బాత్రూమ్‌కు తీసుకెళ్తే ఒకరు పాపను, ఒకరు సీసాను మోసేవాళ్ళం, నాయనమ్మ నడుం వంచి సీసా పట్టుకుని వెనక నడిచేది. నెల రోజులు మందులు. ఇప్పుడు బడికి పోతోంది, పరుగు పందెంలో కూడా ఉరుకుతోంది.

అందుకే చెప్తున్నా, అందరిదీ వైరస్ కాదు.

జడ్చర్ల జంక్షన్ · నవంబర్ 15, సాయంత్రం 6:51

సరే అక్కా, ఒప్పుకుంటున్నా. నా కోపం ఎక్కడిదో కూడా చెప్తా. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు. పోయినేడు దగ్గు పట్టుకుంది, పొడి దగ్గు, జ్వరం సన్నగా. బడికి పోతూనే ఉంది. మూడు వారాల్లో ముగ్గురు డాక్టర్లు, ముగ్గురూ అమాక్సిసిలిన్ రకాలే మార్చి మార్చి ఇచ్చారు. ఒక్క రవ్వ తగ్గలేదు. నాలుగో ఆయన ఛాతీ విని "పాప నడుస్తోంది, న్యుమోనియా కూడా నడుస్తోంది" అని నవ్వి వేరే మందు రాశాడు. మూడు రోజుల్లో దగ్గు సగమైంది. మైకోప్లాస్మా అన్నాడు.

పీజీ రెండో ఏడు · నవంబర్ 15, సాయంత్రం 7:20

ఆ మందు అజిత్రోమైసిన్ అయి ఉంటుంది. అమాక్సిసిలిన్ బ్యాక్టీరియా గోడను కట్టనీయకుండా ఆపి చంపుతుంది. మైకోప్లాస్మాకు అసలు గోడే లేదు. గోడ లేని ఇంటికి గునపం ఎందుకు. ఇది ఐదేళ్ళు దాటిన బడిపిల్లల్లో ఎక్కువ, ఒకరికి వస్తే బెంచీ అంతా దగ్గుతుంది.

వయసే మాకు మొదటి ఆనవాలు. నెలలోపు పసికందుకైతే కాన్పు సమయంలో తల్లి నుంచి వచ్చే గ్రూప్ బి స్ట్రెప్, ఈ. కోలి లాంటివి అనుమానిస్తాం. రెండేళ్ళలోపు వైరస్‌లు, ముఖ్యంగా ఆర్‌ఎస్‌వీ. బడి వయసుకు మైకోప్లాస్మా. న్యుమోకాకస్ మాత్రం ఏ వయసునూ వదలదు.

నక్రేకల్ నాన్న · నవంబర్ 15, రాత్రి 9:48

అన్నీ చదివాను. పరీక్ష వద్దనుకున్నాం. ఇక్కడి డాక్టరమ్మను మెల్లగా అడిగాను, యాంటీబయాటిక్ ఎందుకని. ఆమె కోప్పడలేదు. "ఎల్లుండి దాకా చూసి తగ్గిద్దాం" అంది.

ఈ రోజు జ్వరం ఒకసారే వచ్చింది. ఊపిరి లెక్కపెట్టడం నేర్పారు. రాత్రి 58 ఉండేది, ఇప్పుడు 50. ఎంత ఉండాలి?

దేవరకొండ ఆశ · నవంబర్ 15, రాత్రి 10:05

నేను ఆశా వర్కర్‌ని అన్నా, తండాల్లో తిరుగుతా. ఇది మాకు ట్రైనింగ్‌లో నేర్పారు. రెండు నెలల లోపు బిడ్డకు నిమిషానికి 60, రెండు నెలల నుంచి ఏడాది లోపు 50, ఏడాది నుంచి ఐదేళ్ళ దాకా 40. ఆ అంకె గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే వేగంగా తీస్తున్నట్టు లెక్క. మీ బాబుకు 40 కన్నా తగ్గాలి.

నిమిషం అంటే పూర్తి నిమిషం. పావు నిమిషం లెక్కపెట్టి నాలుగుతో గుణించొద్దు, చిన్నపిల్లలు మధ్యలో ఊపిరి ఆపి ఆపి తీస్తారు. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు లెక్క పనికిరాదు. చొక్కా పైకెత్తి పొట్ట చూడాలి.

రెండు నెలల లోపు బిడ్డ వేగంగా ఊపిరి తీస్తే ఇంట్లో ఏ మందూ వద్దు, నేరుగా దవాఖానే. పెద్ద పిల్లలైనా తాగలేకపోతున్నా, తాగిందంతా కక్కుతున్నా, ఫిట్స్ వచ్చినా, లేపితే లేవకుండా మత్తుగా ఉన్నా 108కి ఫోన్ చేయండి. బస్సు కోసం చూడొద్దు.

ఒకటి అడుగుతా, ఏమనుకోవద్దు. టీకాలన్నీ పడ్డాయా? తొమ్మిదో నెలవి?

నక్రేకల్ నాన్న · నవంబర్ 15, రాత్రి 10:31

తొమ్మిదో నెలలో మేం పుణెలో ఉన్నాం అక్కా, సైటు పని మీద. అక్కడ వేయించలేదు. ముందువి మాత్రం ఊళ్ళో పడ్డాయి, కార్డు ఉంది.

దేవరకొండ ఆశ · నవంబర్ 15, రాత్రి 10:44

మా తండాల్లోనూ ఇదే కథ. వలస పోయినోళ్ళ పిల్లల కార్డులు తొమ్మిదో నెల దగ్గరే ఆగిపోతాయి.

న్యుమోకాకస్ టీకా ఆరో వారం, పద్నాలుగో వారం, తొమ్మిదో నెల. 2021 నుంచి దేశమంతా సర్కారు ఉచితంగా వేస్తోంది, అదే బయట ఒక్క డోసుకు వేలల్లో ఉంది. ఏడాది నిండకముందు ఒక్కటైనా పడి ఉంటే మిగతాది తర్వాతైనా పూర్తి చేస్తారు, మీకు దారి ఉంది. పెంటావాలెంట్ టీకాలో హిబ్ అనే ఇంకో న్యుమోనియా బ్యాక్టీరియాకూ, కోరింత దగ్గుకూ రక్షణ ఉంది, అవి మీకు పడే ఉంటాయి. తొమ్మిదో నెలలో తట్టు టీకా కూడా పోయింది మీకు, అది మర్చిపోవద్దు. తట్టు వచ్చి పోయాక న్యుమోనియా పట్టిన పిల్లలు చేయి దాటిపోవచ్చు.

కోలుకున్నాక డాక్టర్‌ను అడిగి, బుధవారమో శనివారమో సెంటర్‌కు రండి.

నారాయణపేట చీరలు · నవంబర్ 16, ఉదయం 6:12

మా అత్తగారు పిల్లలకు స్నానం చేయించి ముక్కులో రెండు చుక్కల ఆముదం వేస్తుంది, తర్వాత సాంబ్రాణి పొగ. సర్ది పట్టదని. నేను వద్దంటే "నీ మొగుణ్ణి ఇట్లనే పెంచిన" అంటుంది. ఏం చెప్పను?

వార్డు సిస్టర్ · నవంబర్ 16, ఉదయం 8:50

నూనె ముక్కులోంచి ఊపిరితిత్తుల్లోకి జారుతుందమ్మా. అక్కడ కరగదు, పోదు, మెల్లగా న్యుమోనియా చేస్తుంది. దానికి ఏ యాంటీబయాటిక్ లేదు. నేను అత్తగార్లకు ఇట్ల చెప్తా: "నూనె ఒంటికి పెట్టు పెద్దమ్మా, బాగా మర్దన చెయ్, ముక్కు జోలికి మాత్రం పోకు." మర్దన వద్దనలేదు కాబట్టి సగం మంది వింటారు. సాంబ్రాణి వేస్తే దేవుడి గదిలో వేయమనండి, బిడ్డ మీద కాదు.

మాట వచ్చింది కాబట్టి, ఎక్స్‌రేలో తెల్లగా కనిపించేదంతా క్రిమి కాదు. మా వార్డుకు నీళ్ళనుకుని సీసాలో కిరోసిన్ తాగిన పిల్లలు వస్తారు. ఇక పల్లీ కాలంలో చెప్పనక్కర్లేదు. ఏడాదిన్నర పిల్లాడికి కుడివైపు కింద నెమ్ము. మందులకు తగ్గుతుంది, నెలకు మళ్ళీ అక్కడే. మూడోసారి వచ్చినప్పుడు మా సార్ తల్లిని కూర్చోబెట్టి అడిగాడు, ఎప్పుడన్నా తింటూ పొలమారిందా అని. ఆమె ఆలోచించి, కల్లం దగ్గర పల్లీలు ఏరుతుంటే ఒకసారి నీలంగా అయ్యి దగ్గాడని చెప్పింది. హైదరాబాద్‌లో గొట్టం వేసి తీశారు. పల్లీ గింజ, సగం బద్ద. కుడివైపు గాలి గొట్టం వెడల్పుగా, నిటారుగా ఉంటుంది, అందుకే ఏది పడ్డా అటే పోతుంది.

నక్రేకల్ నాన్న · నవంబర్ 16, ఉదయం 9:05

మా వాడిదీ కుడివైపు కిందే సిస్టర్. ఇప్పుడు నాకు కొత్త టెన్షన్.

వార్డు సిస్టర్ · నవంబర్ 16, ఉదయం 9:11

అయ్యో, మీకు అనలేదన్నా. సర్ది, జ్వరంతో మొదలైంది కదా, ముందు పొలమారలేదు కదా. అయినా మీ డాక్టరమ్మకు ఈ ఒక్క ముక్క చెప్పండి, ఆమె నిర్ణయిస్తుంది.

మిర్యాల మిల్లు · నవంబర్ 16, మధ్యాహ్నం 1:30

పీజీ సార్ టీబీ అన్నాడు కాబట్టి చెప్తున్నా, ఇదివరకు ఎవరికీ చెప్పలేదు. మా చిన్నోడికి నాలుగేళ్ళు. రెండు నెలలు దగ్గు, బరువు పెరగడం లేదు. మూడు కోర్సుల మందులయ్యాయి. ఒక డాక్టర్ "ఇంట్లో ఎవరన్నా దగ్గుతారా" అనడిగితే లేదన్నాను. మా నాయన దగ్గుతాడు. కానీ ముప్ఫై ఏళ్ళు మిల్లులో పనిచేసిన మనిషి, ఆయన దగ్గు మాకు గోడ గడియారం లాంటిది, దాన్ని దగ్గుగా లెక్కపెట్టలేదు.

పొద్దున్నే పరగడుపున పిల్లాడి ముక్కులోంచి గొట్టం వేసి కడుపులోని నీళ్ళు తీసి పరీక్షకు పంపారు. రాత్రంతా మింగిన కఫం అక్కడుంటుందట. టీబీ తేలింది. తర్వాత నాయనకూ తేలింది. ఇద్దరికీ ఆరు నెలలు మందులు, అన్నీ ఉచితం. మనవడు, తాత ఒకే డబ్బాలోంచి గోలీలు వేసుకుంటున్నట్టు ఆట ఆడేవాళ్ళు.

జడ్చర్ల జంక్షన్ · నవంబర్ 16, మధ్యాహ్నం 1:52

అన్నా, ఇది రాసినందుకు దండం.

మోడరేటర్ · నవంబర్ 16, సాయంత్రం 5:00

ఫోన్ నంబర్లు, మందుల డోసులు పెట్టిన రెండు పోస్టులు తీసేశాను. దయచేసి డోసులు ఇక్కడ అడగకండి, చెప్పకండి.

నక్రేకల్ నాన్న · నవంబర్ 17, రాత్రి 8:16

ఈ రోజు మధ్యాహ్నం ఆక్సిజన్ తీసేశారు. గొట్టం లేకుండా 96. ఊపిరి 42. ఇడ్లీ తిన్నాడు, సగం నా చొక్కా మీద. రక్తం కల్చర్‌లో ఇప్పటిదాకా ఏమీ పెరగలేదు. పల్లీ సంగతి చెప్తే డాక్టరమ్మ మళ్ళీ ఛాతీ విని, రెండు పక్కలా గాలి సమానంగా పోతోంది, అనుమానం లేదంది. సూదులు ఆపేసి నోటి మందు రెండు రోజులు ఇస్తానంది. వైరసే అయి ఉంటుందని ఆమె అంచనా. పక్క మంచంలో ఏడు నెలల పాపకు కూడా ఇదే, ఆ పక్కన ఇంకో ఇద్దరికి. అందరి ఇళ్ళల్లోనూ ముందు బడికి పోయే పెద్దపిల్లకు సర్ది వచ్చిందట. మా అన్న కూతురు గుర్తొచ్చింది, పోయిన శనివారం ముక్కు కారుతూ వాడి బుగ్గలు తెగ ముద్దు పెట్టుకుంది.

వార్డు సిస్టర్ · నవంబర్ 17, రాత్రి 8:40

మంచి మాట చెప్పారు. ఆ పిల్లను మాత్రం ఏమీ అనకండి. ఆర్‌ఎస్‌వీ రెండేళ్ళు నిండేలోపు దాదాపు ప్రతి బిడ్డనూ ఒకసారి పలకరిస్తుంది. మంచం ఊచల మీద కూడా గంటల తరబడి బతుకుతుంది, అందుకే మేం చేతులు కడిగి కడిగి చర్మం ఊడగొట్టుకుంటాం. దగ్గు ఇంకో రెండు వారాలు ఉండొచ్చు, భయపడకండి. ఊపిరి లెక్క పెరిగినా, తాగడం తగ్గినా రండి.

కల్వకుర్తి కిరాణా · నవంబర్ 17, రాత్రి 9:02

చెప్పిన కదా తమ్మీ, నాలుగు రోజులు అని.

నక్రేకల్ నాన్న · నవంబర్ 21, రాత్రి 10:20

మొన్న ఇంటికొచ్చాం. టీకాలకు వచ్చే బుధవారం రమ్మన్నారు, కార్డు దిండు కింద పెట్టుకున్నా.

మా అమ్మ ఇంకా చలిగాలే అంటోంది. కానీ దవాఖానలో సిస్టర్ దగ్గర ఊపిరి లెక్క నేర్చుకుంది. రాత్రి లేచి, వాడి చొక్కా పైకెత్తి, సెల్‌ఫోన్ లైటు పొట్ట పక్కన పెట్టి లెక్కపెడుతోంది. గడియారం చూడ్డం రాదు కాబట్టి నన్ను లేపుతుంది, నేను "ఆపు" అనేదాకా లెక్కపెడుతుంది. నిన్న 36. ఇవాళ 34.